మోరికాడ పదకొండు రాళ్ళు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. పడసాలలో, ఇంటికంతా ఉన్న ఒకే ఒక కుర్చీలో ఎస్సై. ఆయన కాళ్ళ దగ్గర చాప మీద కూర్చుని, తొడ మీద అట్ట పెట్టుకుని రాస్తున్న కానిస్టేబులు. గోడకు ఆనుకుని, ఇల్లు తనదే అయినట్టు కాళ్ళు చాపుకున్న పంచాయితీ మెంబరు వెంకటేశప్ప. ఆయన పక్కన, తన ఇంటికి తానే చుట్టపు చూపుగా వచ్చినట్టు ముడుచుకున్న గంగప్ప, సొన్నమ్మ తండ్రి, ఆమె పిలుపులో అప్ప. గడపలో వక్కాకు దంచుకుంటున్న అవ్వ మారమ్మ. వంటింట్లో కోడిని వేడినీళ్ళలో ముంచి బొచ్చు పీకుతున్న అమ్మ హనుమక్క. వంటింటికీ పడసాలకూ మధ్య ఉన్న మట్టి గోడ వెనక, ఉల్లిపాయలు తరుగుతూ, ఎవరూ లెక్కలో వేసుకోని సొన్నమ్మ. పదహారేళ్ళు, పదో తరగతి. ఇంట్లో లేనిది ఒక్క మునిశామప్ప. ఆయన కోసమే వీళ్ళంతా కూర్చున్నారు, ఆయన పేరు మీదే ఆ కోడి ఉడకబోతోంది.

మునిశామప్పది వెనక వీధి. కేజీఎఫ్ గనిలో పని. రాత్రి షిఫ్టు దిగి పొద్దున్నే సైకిలు మీద ఇంటికొస్తూ, ఊరి బయట కాలవ మీది మోరి దగ్గర పడ్డాడు. తలకు దెబ్బ తగిలింది. టెంపోలో ఆస్పత్రికి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది కాబట్టి టెంపోను వెనక్కి తిప్పారు, ఆ సాయంత్రమే మన్ను చేశారు. పోలీసులకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. తోచినా చెప్పేవాళ్ళు కాదు, అది సొన్నమ్మకు తెలుసు. ఇప్పుడు కంపెనీవాళ్ళు పోలీసు కాగితం కావాలన్నారు కాబట్టి నాలుగో రోజున జీపొచ్చింది. డ్యూటీ నుంచి వస్తూ పోయినవాడి పెండ్లానికి ఆస్పత్రిలో ఆయా పనో, ఊడ్చే పనో ఏదో ఒకటి ఇస్తారని యూనియన్ ఆఫీసులో చెప్పారట. తాగి పడ్డాడని కాగితంలో ఉంటే మాత్రం ఇవ్వరట. ఊరంతటికీ ఈ సంగతి తెలుసు. వెంకటేశప్పకు అందరికంటే ముందే తెలుసు.

“ఇంత ఊర్లో ఎవరూ చూడలేదంటారు. మీకెవరికీ కండ్లు లేవా?” అంటున్నాడు ఎస్సై.

“కండ్లుండాయి సార్. ఆ పొద్దు మంచు కూడా ఉండాది కదా,” అన్నాడు వెంకటేశప్ప. కానిస్టేబులు రాయడం ఆపి నవ్వాడు.

“రోడ్డు మీద రాళ్ళేమన్నా పెట్టింటిరా?”

“పంట పరిస్తే రాయి పెడతాము సార్, మీకు తెలీనిదా. ఆ పొద్దు పంట లేదు. పంట లేనప్పుడు రాయి యాడిది?”

“మరి ఎట్ల పడినాడు?”

వెంకటేశప్ప బొటనవేలు నోటి దగ్గరకు ఎత్తి, తల వెనక్కి వంచి చూపించాడు. “మైన్సోల్లు సార్. షిఫ్టు దిగితే నేరుగా ఇంటికొస్తారా? చచ్చిపోయినోని గురించి చెప్పకూడదు. నేను చెప్పలేదు, మీరు రాసుకోండి.”

కత్తిపీట మీద ఉల్లిపాయ ఆగింది. నేను చెప్పలేదు, మీరు రాసుకోండి. ఆ మాట ఎంత తేలిగ్గా అనేశాడు, బస్సులో పక్కవాడిని కాస్త జరగమన్నట్టు. అది అబద్ధమని సొన్నమ్మకు తెలుసు, ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది, ఎప్పుడూ అక్కడే ఆగుతుంది. బళ్ళో మేష్టరు ప్రశ్న అడిగితే జవాబు ముందు ఆమెకే తెలుస్తుంది, కానీ లేచేది వేరే పిల్ల. ఆ పిల్ల తప్పు చెప్తే, తప్పని తెలిసి కూడా సొన్నమ్మ బెంచీ మీద గోటితో గీస్తూ కూర్చుంటుంది. ఇంటికొచ్చి సరైన జవాబు డైరీలో రాసుకుంటుంది. సరైన జవాబులతో డైరీ నిండిపోయింది. ఒక్కటీ గాలికి తగల్లేదు. తాగినాడంట. ఆయన నోటి దగ్గర చెవి పెట్టింది తను. ఆ పొద్దు అందరికంటే ముందు మోరి దగ్గరకు పోయింది తను, పాలచెంబు పట్టుకుని సొసైటీకి పోతూ. ఆయన ఊపిరిలో సారాయి వాసన లేదు. తడి మట్టి వాసన, ఇనుము వాసన, గనిలో నుంచి వచ్చే మగవాళ్ళందరి గుడ్డల్లో ఉండే ఆ పాత చెమట వాసన. అంతే. కళ్ళు సగం తెరిచి ఆమెను చూసి గుర్తుపట్టాడు. గుర్తుపట్టి అన్న మాట ఏమిటి? నన్ను కాపాడమని కాదు, నీళ్ళని కూడా కాదు. “సైకిలు పక్కకి తీయి పాపా, బస్సొచ్చే టైమైంది,” అన్నాడు. అదీ తాగినవాడి మాట. రాసుకో, తొడ మీద అట్ట పెట్టుకుని కూర్చున్నావు కదా, అది రాసుకో.

“ఉల్లిగడ్డ అయ్యిందా లేదా?” అంది అమ్మ. తల ఎత్తలేదు. కోడి రెక్క కింది బొచ్చు పీకుతోంది. అమ్మ నాలుగు రోజులుగా ఎవరి ముఖంలోకీ చూడటం లేదు, అందుకే ఎప్పుడూ ఏదో పని చేతిలో పెట్టుకుంటోంది. నిన్న శుభ్రంగా ఉన్న బిందెలను మళ్ళీ తోమింది. అయ్యింది అమ్మా, అని సొన్నమ్మ ఇంకో ఉల్లిపాయ తీసుకుంది. కళ్ళు మండితే ఏడుస్తోందని ఎవరూ అడగరు.

ఆ రోడ్డు. కామసముద్రం వైపు నుంచి ఊరిని రాసుకుంటూ కేజీఎఫ్‌కు పోయే ఆ సన్నటి తారు రోడ్డు. ఊరికి తారు పడిన ఏడాది నుంచి ఎవరూ కళ్ళం అలకలేదు. రాగి కోతలు అయిపోయి ఉలవ పీకే కాలం వస్తే, చెట్టు చెట్టంతా తెచ్చి రోడ్డు సగానికి మోకాలెత్తు పరుస్తారు. బస్సులూ లారీలూ తొక్కి తొక్కి గింజ రాలుతుంది. ఎద్దుల పని లేదు, రాతి గుండు లాగే పని లేదు. అయితే డ్రైవర్లకు ఆ ఎండు మొక్కల మీద, ఉలవకట్టె మీద పోవడం ఇష్టముండదు, చక్రానికి చుట్టుకుంటుందని పక్కగా పోతారు. అందుకని ఖాళీగా ఉన్న రెండో సగంలో వరసగా రాళ్ళు పెడతారు, తలకాయంత రాళ్ళు. ఇంగ యాడికి పోతారు? పంట మీదనే పోవాలి. మోరి దాటిన తర్వాత రోడ్డు చదునుగా, ఎండ బాగా తగిలే చోటు ఒకటుంది. అదే అందరికీ కావాలి. అందుకని దానికి వరస పెట్టుకున్నారు, ఈ రోజు ఒకరిది, రేపు ఇంకొకరిది. రాళ్ళు మాత్రం ఊరందరివీ ఒకటే. పదకొండు. సొన్నమ్మకు ఒక్కొక్కటి గుర్తు. ఒకటి నల్లగా నున్నగా ఉంటుంది, ఒకటి పగిలిన రోలు ముక్క, ఒకదానికి పసుపు పూసి ఉంటుంది.

మునిశామప్ప పడటానికి ముందు రోజు వాళ్ళ వరస. అప్ప పరిచాడు, రాళ్ళు సొన్నమ్మ పేర్చింది. తన చేతులతో, ఒక్కొక్కటీ రెండు చేతులా పొట్టకానించుకుని మోసి, అడుగు అడుగు కొలిచి. రాళ్ళు పెట్టడం ఎప్పుడూ ఆడపిల్లల పనే, మగవాళ్ళు బస్సు వస్తుంటే కట్టె ఎగదోయాలి కాబట్టి. సాయంత్రానికి ఉలవలు ఎత్తారు, తూర్పారబట్టారు, కట్టె ఇంటికి చేరింది, గింజ బస్తాల్లోకి చేరింది. రోడ్డు మీద చీపురుతో ఊడ్చి గుప్పెడు గింజ కూడా వదల్లేదు అవ్వ. అప్పుడు సొన్నమ్మ, రోజంతటిలో ఒకే ఒక మాట, “రాళ్ళు తీసేద్దామా అప్పా?” అంది. గంగప్ప వంగబోయాడు కూడా. నిజంగా వంగబోయాడు, మొదటి రాయి మీద చెయ్యి పెట్టాడు. అప్పుడే వెంకటేశప్ప మోటారు సైకిలు ఆపి, కాలు కింద పెట్టి, “పొద్దున్నే నాది వేయల్ల గంగప్పా, సుమ్నే, ఊరికే తీసి మల్లా పెట్టేది ఎందుకు? ఉండనీ,” అన్నాడు. అప్ప చెయ్యి తీసేశాడు. అంతే. అంత చిన్న పని. రాయి మీద పెట్టిన చెయ్యి తీసేయడం.

గంగప్ప చెడ్డవాడైతే బాగుండేది. ఆమె కోపానికి ఒక చోటు దొరికేది. ఆవుకు జ్వరమొస్తే పక్కనే పడుకుంటాడు, అవ్వ కాళ్ళు పడతాడు, మునిశామప్ప పోయిన రోజు పెరట్లో అరటిచెట్టు వెనక నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఏడ్చినవాడు ఇప్పుడు చాప మీద కూర్చుని, ఎస్సై “నువ్వేమంటావు?” అని అడిగితే, “మెంబరు చెప్పినాక ఇంగ నేను చెప్పేదేముండాది సార్,” అంటున్నాడు. ఆ గొంతు వినండి. అరువు తెచ్చుకున్న గొంతు. ఆ ఏడుపు ఎవరి కోసం మరి? తన కోసమే ఏడ్చుకున్నాడా?

డైరీ అటకమీద రాగుల సంచుల వెనక ఉంది. అది కూడా మునిశామప్పదే. రెండేళ్ళ కింద, కంపెనీలో ఎవరో పెద్దాయన వాడకుండా పారేసిన పాత సంవత్సరం డైరీని ఆయన చొక్కాలో పెట్టుకుని తెచ్చి, “ఇందా, మా ఇంట్లో ఎవరికీ సదువు రాదు, నువ్వన్నా ఖరాబు చెయ్యి,” అని ఇచ్చాడు. తేదీ కలుస్తుంది కానీ వారం కలవదు, అందుకని ప్రతి పేజీలో వారం పేరు కొట్టేసి పైన రాసుకుంటుంది. మొదట్లో ఏం రాయాలో తెలియక ఆ రోజు ఏ కూర వండారో రాసింది. తర్వాత రోడ్డు మీద ఎవరు పడ్డారో రాయడం మొదలుపెట్టింది, ఎందుకంటే బడికి పోతూ వస్తూ ఆమె చూసేది అదే. పాలక్యాన్ల దొడ్డమునియప్ప పడ్డాడు, భుజం ఎముక విరిగింది, రోడ్డంతా పాలు. పట్టుగూళ్ళ మూటతో మోపెడ్ మీద పోతున్న మనిషి పడ్డాడు, గూళ్ళు గుంటలోకి దొర్లిపోయాయి, పిల్లలు ఏరి ఇచ్చారు, కొందరు ఇవ్వలేదు. స్కూటరు మీద ఇద్దరు మేష్టర్లు. పెళ్ళికి పోతున్న టెంపో రాయిని తప్పించబోయి మోరి గోడను గుద్దింది, లోపల ఒకామెకు పళ్ళు ఊడాయి. రాస్తూ పోయింది. పోయిన దసరా సెలవుల్లో ఒకరోజు వాన పడుతుంటే ఊరికే వెనక్కి తిప్పి చదువుకుంది. పదమూడు మంది. అందరూ ఆ మోరి దగ్గరే. అందరూ చలికాలంలోనే. అప్పుడు ఆమెకు ఇంకొకటి కనబడింది. పంట పరిచి ఉన్నప్పుడు పడింది ఇద్దరే. దూరం నుంచే కట్టె కనబడుతుంది, మనుషులు నిలబడి ఉంటారు, డ్రైవరు నిదానిస్తాడు. మిగిలిన పదకొండు మంది పంట ఎత్తేసిన తర్వాత పడ్డారు. గింజ ఇంటికి పోయింది, కట్టె ఇంటికి పోయింది, మనుషులు ఇంటికి పోయారు, రాళ్ళు మాత్రం రేపటి వరస కోసం రోడ్డు మీదే ఉన్నాయి. ఒక్క గింజ వదలని ఊరు రాళ్ళు వదిలేసింది. ఇది కనుక్కోవడానికి పదో తరగతి కూడా అక్కర్లేదు. రెండు కళ్ళు చాలు.

ఊరివాళ్ళకు మాత్రం అక్కడ ముని కనబడ్డాడు. మోరి కింద ముని అనే దేవర ఉన్నాడని, ఆయనకు ఏటేటా రక్తం కావాలని. దొడ్డమునియప్ప పడిన తర్వాత కోడి కోశారు. టెంపో గుద్దిన తర్వాత మేకపోతు. ఎక్కడ కోశారు? ఆ రాళ్ళలోనే ఒకదాన్ని నిలబెట్టి, పసుపు పూసి, దాని ముందు. పూజ అయిన తర్వాత ఆ రాయిని మళ్ళీ వరసలో పెట్టేశారు. అవ్వ ఇప్పుడు కూడా అదే చెప్తోంది గడపలో నుంచి, వక్కాకు దంచడం ఆపకుండానే. “సారూ, నువ్వు ఎన్ని రాసినా అంతే. మునికి పోయిన ఏడు బాకీ పడినాము. అది వసూలు చేసుకున్నాడు.”

“ఆ పేరు కూడా రాయల్లేమో, ముని, మోరి కింద, ఏం వయసు అవ్వా?” అన్నాడు కానిస్టేబులు. పడసాలంతా నవ్వింది. ఎస్సై కూడా నవ్వాడు. చెడ్డవాడిలా లేడు ఆయన కూడా, అలసిపోయినవాడిలా ఉన్నాడు. “మా ఊర్లోనూ రోడ్డు మీదే వేస్తారు,” అన్నాడు. “నేనే చిన్నప్పుడు ఎగదోసినాను.” వెంకటేశప్ప ముఖం విప్పారింది. “అట్లయితే మా బాధ మీకు చెప్పేపని లేదు సార్. ఇప్పుడు వస్తా వస్తా మీ జీపు కూడా నా ఉలవని ఒక చుట్టు తొక్కింది. పుణ్యం కట్టుకున్నారు.” మళ్ళీ నవ్వు.

అవును. ఆ పొద్దు ఆగిపోయిన వెంకటేశప్ప వరస ఈ రోజు. చావు అయ్యి నాలుగు రోజులు కాలేదు, మోరి దగ్గర మళ్ళీ కట్టె పరిచారు, మళ్ళీ రాళ్ళు పెట్టారు. అవే రాళ్ళు. ఆ పొద్దు రోడ్డు పక్క గుంటలో దాచిన రాళ్ళను మళ్ళీ పైకి తెచ్చారు. వాటిలో నల్లటి నున్నటి దాన్ని కడిగారా? కడిగి ఉంటారు. ఆ రాయికే ఆయన తల తగిలింది. ఆమె చూసింది. పోలీసు జీపు ఆ రాళ్ళ పక్కనుంచి, ఆ పంట మీది నుంచి వచ్చి, రాళ్ళు లేవని రాసుకుంటోంది.

ఆ పొద్దు ఆమె కేక వేసింది. తన గొంతు అంత గట్టిగా రాగలదని అప్పటిదాకా ఆమెకు తెలియదు. అప్ప పరిగెత్తుకొచ్చాడు, వెనకే వెంకటేశప్ప, ఆయన మనుషులు ఇద్దరు, కట్టె మోపులతో పొలం నుంచి వస్తున్నవాళ్ళు. మంచులో నుంచి వాళ్ళు ఒక్కొక్కరే బయటపడుతుంటే సొన్నమ్మకు ప్రాణం లేచి వచ్చింది, వచ్చారు, ఇంక ఎత్తుతారు అనుకుంది. వంగారు. అందరూ వంగారు. ఒకరు రాయి ఎత్తారు. ఇంకొకరు ఇంకో రాయి ఎత్తారు. అప్ప కూడా. ఆమెకు ఒక నిమిషం అర్థం కాలేదు. మనిషి రోడ్డు మీద పడున్నాడు, చెవిలో నుంచి రక్తం కారుతోంది, ఊపిరి గురక మాదిరి వస్తోంది. వీళ్ళు ఆయన మీది నుంచి అడుగు వేసి, ఆయన కాళ్ళు దాటి, రాళ్ళు మోసి గుంటలో వేస్తున్నారు. జల్ది, జల్ది, బస్సొస్తాది, అంటున్నాడు వెంకటేశప్ప. మనిషిని ఎత్తకముందు రాళ్ళు ఎత్తారు. పదకొండు రాళ్ళు ఎత్తడానికి ఎంతసేపు పడుతుంది? ఆ సేపు మిగిలి ఉంటే ఆయన బతికేవాడేమో. ఆస్పత్రి ఇంకో రెండు మైళ్ళు ఉందనగా పోయాడు. రెండు మైళ్ళంటే టెంపోకు ఎంతసేపు? ఈ లెక్క ఆమె రోజూ వేస్తోంది, రాళ్ళ సేపు ఒకవైపు, దారి సేపు ఒకవైపు. రోజూ ఆ రెండూ దగ్గరగా వచ్చి కూర్చుంటాయి. ఇంకొకటి కూడా ఉంది, డైరీలో రాయనిది, ఎందుకంటే రాయబోతే చెయ్యి ఆగింది. అప్ప ఆమె వైపు చూసి గడ్డం ఎగరేశాడు. అంతే, మాట కూడా కాదు. ఆమె పాలచెంబు కింద పెట్టి రెండు రాళ్ళు మోసింది. పగిలిన రోలు ముక్క ఒకటి, పసుపు పూసింది ఒకటి. తను కూడా. ఎవరిని తిడుతున్నావు సొన్నమ్మా నువ్వు గోడ వెనక కూర్చుని? నీ చేతికి ఉల్లి వాసన వస్తోందా, రాతి వాసన వస్తోందా?

పడసాలలో కానిస్టేబులు రాసింది కన్నడంలో చదివి వినిపిస్తున్నాడు. రోడ్డు మీద ఎటువంటి అడ్డమూ లేదని. మృతుడు మద్యం సేవించి ఉండటం వలన అదుపు తప్పి తనకు తానే పడ్డాడని. అక్కడున్న ఊరివాళ్ళలో ఆ కన్నడం పూర్తిగా అర్థమయ్యేది సొన్నమ్మకూ వెంకటేశప్పకూ మాత్రమే. అప్ప తల ఊపుతున్నాడు. మద్యం సేవించి. అంత శుభ్రమైన మాట. పెళ్ళిలో కూడా సోడా మాత్రం తాగి ఇంటికి పోయే మనిషికి. వెంకటేశప్ప ఇంటి పెళ్ళిలోనే, తన కళ్ళతోనే చూసి, “ఏం మునిశామా, నువ్వు మగోనివేనా,” అని ఎగతాళి చేసింది వెంకటేశప్పే కదా. ఆ నోరే ఇప్పుడు ఈ మాట అంటోంది. అప్ప బొటనవేలికి కానిస్టేబులు సిరా పూస్తున్నాడు. సిరా నీలంగా ఉంది. లే. ఇప్పుడు లే. ఆ గోడ దాటితే మూడడుగులు. మూడడుగులు వేసి ఒక్క మాట. నోరు తెరిచింది సొన్నమ్మ, నిజంగానే తెరిచింది, గాలి కూడా పీల్చింది. గోడ చివర సందులో నుంచి పడసాలలో అందరి కాళ్ళూ కనబడ్డాయి, బూట్లు, వెంకటేశప్ప చాపిన పాదాలు, అప్ప పగిలిన మడమలు. ఆ మడమలు చూడగానే గాలి బయటికి పోయింది.

“కరివేపాకు లేదు,” అంది అమ్మ. “ఎవరింట్లోనన్నా రెండు రెమ్మలు తీసుకునిరా పో. అన్నం అయ్యేలోపల రావల్ల. తిని పోతారంట.”

పెరటి దారిన బయట పడింది. కరివేపాకు చెట్టు ఎదురింట్లో ఉంది, అటు తిరగలేదు. కాళ్ళు వెనక వీధి వైపు తీసుకుపోతున్నాయి. తిని పోతారంట. వేలిముద్ర పడింది, కోడి ఉడుకుతోంది, తిని, చెయ్యి కడుక్కుని, జీపెక్కి పోతారు. ఆ జీపు రచ్చకట్ట పక్కన నిలబడి ఉంది. చక్రాల సందుల్లో ఉలవకట్టె ఇరుక్కుని వేలాడుతోంది. డ్రైవరు లోపల కాళ్ళు బయటికి పెట్టి నిద్రపోతున్నాడు. ఎంత దూరం? వెనక వీధి నుంచి ఇంటికి ఒక పాట పాడినంతసేపు. కానీ మునిశామప్ప పెండ్లాం గంగులమ్మత్తకు చెప్పేస్తే చాలు. ఆమెకు చెప్పాలి, ఆమెకే కదా చెప్పాల్సింది, ఆమె మొగుడు కదా. అప్ప ముఖం చూడక్కర్లేదు. వెంకటేశప్ప ముఖం చూడక్కర్లేదు. ఆమె ఒక్కతే ఉంటుంది, తను ఒక్కతే ఉంటుంది, చెప్పేస్తే ఈ గొంతులో ఉన్నది దిగిపోతుంది. అత్త ఏడుస్తుంది. తను కూడా ఏడుస్తుంది. అత్త పోయి పోలీసులతో కొట్లాడుతుంది, అది ఆమె హక్కు, ఎవరూ కాదనలేరు. ఇదంతా నడుస్తూ అనుకుంది. అనుకుంటుంటే ఎందుకో ఊపిరి తేలికైంది. ఆ తేలికతనం మీద కూడా ఆమెకు అనుమానం రావాల్సింది, రాలేదు.

మైల ఇల్లు. వాకిట్లో ముగ్గు లేదు. మోరి దగ్గర నుంచి ఎవరో తెచ్చి పడేసిన సైకిలు గోడకు ఆనించి ఉంది, ముందు చక్రం అప్పడంలా వంగిపోయి. గంగులమ్మ లోపల రాగులు చెరుగుతోంది. బొట్టు లేని ముఖం చూడటానికి సొన్నమ్మకు భయమేసి ఆమె చేటను చూసింది.

“ఏమి పాపా,” అంది గంగులమ్మ. లేచి చేట చంకన పెట్టుకుని గుమ్మం దాకా వచ్చి తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

“అత్తా.” అక్కడ ఆగింది. తర్వాత ఒక్కసారిగా, వాంతి అయినట్టు, “మామ తాగలేదు అత్తా. నేను చూసినాను. నోట్లో వాసన లేదు. రాళ్ళుండె. మా రాళ్ళు. నేనే పేర్చినాను. సాయంత్రం తీయలేదు, వెంకటేశప్ప తీయొద్దనె. మామ పడినాక అందరూ రాళ్ళు తీసి గుంటలో ఏసినారు. మా అప్ప కూడా. నేను కూడా రెండు.” జీవితంలో ఇంత పొడుగు మాట ఎవరితోనూ అనలేదు.

గంగులమ్మ ఏడవలేదు. చేట ఇంకా ఆమె చంకలోనే ఉంది.

“నాకు తెలీదనుకున్నావా? ఇరవై రెండేండ్లు ఆ మనిషి పక్కన పడుకున్నాను. నోట్లో ఏం వాసన ఉండాదో నువ్వొచ్చి చెప్పల్లనా?”

“లేదత్తా, నేను...”

“గుంట నేను చూడలేదా? గడ్డి తొక్కిన జాడ లేదా ఆడ?” గొంతు పెంచలేదు. పక్కింటికి వినబడకుండా, పళ్ళ మధ్య నుంచి మాట్లాడింది. “మీ యమ్మ నిన్న జావ తెచ్చి పెట్టిపోయె. మీ యప్ప పాడె మోసె. ఇప్పుడు నువ్వొచ్చి చెవిలో చెప్తాండావు. ఒక్కొక్కరు వచ్చి మీ బరువు నా వాకిట్లో దించిపోతాండారే, నేనెక్కడ దించుకునేది?”

సొన్నమ్మ గోడకు ఆనించిన సైకిలు వైపు తిరిగింది.

“నేను పోయి చెప్తే ఏమంటారో తెలుసునా? పని కోసరం చెప్తాండాది అంటారు. ఆ మెంబరు నోటితోనే అంటాడు, అందరి ముందర. నేను చూడలేదు కదా. చూసింది నువ్వు. పేర్చింది నువ్వు. ఎత్తింది నువ్వు.” గంగులమ్మ తల ఎత్తి వీధి చివరకు చూసింది. అక్కడ రచ్చకట్ట పక్కన జీపు కనబడుతోంది, డ్రైవరు లేచి అద్దం తుడుస్తున్నాడు. “అది ఇంకా పోలేదు. చెప్పల్లంటే మీ యింట్లోనే కూర్చోనుండారు, కోడికూర తింటా. నా కాడ చెప్పిన మాట నా కాడే చస్తాది.”

“అత్తా, అందరూ ఉండారు ఆడ.”

“ఆ,” అంది గంగులమ్మ. “అందరూ ఉండారు.”

చేట సవరించుకుని, తలుపు మూసింది.